కరసుదకే కోటలో తలకిందుల జిజో

జపాను దేశపు నడిమి కొండల్లో కరసుదకే అనే శిఖరం ఉంది. కాకి శిఖరం అని ఆ పేరుకు అర్థం. కింద ఉన్న నుకతాని గ్రామంలో బస్సు దిగి, దేవదారు చెట్ల నడుమ మెట్లదారిన గంటన్నర ఎక్కితే శిఖరం మీది పాత కోటకు చేరవచ్చు. ఆకులు ఎర్రబారే ఋతువులో తెల్లవారేసరికి లోయ అంతా మబ్బుతో నిండిపోతుంది. కోట ఒక్కటే పైన తేలుతూ కనబడుతుంది. ఆ దృశ్యం కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఈమధ్య వారిలో మన తెలుగువారూ బాగానే ఉంటున్నారు. కోట ముఖద్వారం దగ్గర రాతిపలక మీద మినాగి దొరల పేర్లు ఏడు తరాలవి వరసగా చెక్కి ఉన్నాయి. రాళ్ళు మోసినవారి పేరు ఒక్కటీ లేదు. చెమట ఒకరిది, చరిత్ర ఒకరిది. లోకంలో ఏ కోటకు వెళ్ళినా ఇదే వరస.

అయితే ఈ కోటలో ఒక మూల మాత్రం రాళ్ళు మోసినవారిది. రెండో ప్రాకారం దాటి వాయవ్యానికి తిరిగితే, గోడలో మోకాలి ఎత్తున ఒక పలకరాయి కనిపిస్తుంది. దాని మీద జిజో స్వామి రూపం చెక్కి ఉంటుంది. జిజో ఆ దేశంలో దారుల పక్కన, రేవుల దగ్గర నిలబడే చిన్న దేవుడు. మన పొలిమేరను పోతరాజు కాచినట్టు ఆయన బాటసారులను కాస్తాడు. అంతకన్నా ముఖ్యంగా, చిన్నతనంలో పోయిన పిల్లలకు తోడుగా ఉంటాడని అక్కడి తల్లుల నమ్మకం. అందుకే ఆయన మెడలో ఎర్రగుడ్డ కడతారు. ఈ గోడలోని జిజో మాత్రం తల కిందికి, పాదాలు పైకి పెట్టి ఉన్నాడు. మొదటిసారి చూసినవారు ఎవరో పొరపాటున పెట్టారనుకుంటారు. పొరపాటు నిజమే. ఆ పొరపాటు ఎవరిదో, దాన్ని అలాగే ఎందుకు ఉంచారో ఈ స్థల పురాణం చెబుతుంది.

పూర్వం ఇక్కడ కోట లేదు, కాకులే ఉండేవి. దేశమంతా యుద్ధాలతో అట్టుడుకుతున్న కాలంలో మినాగి దొర ఈ శిఖరం ఎక్కి, నాలుగు లోయలూ ఒక్కచోటి నుంచి కనబడటం చూసి మురిసిపోయాడు. మొదటి మంచు పడేలోగా కోట లేవాలని ఆజ్ఞాపించాడు. రాతిగని రెండు రోజుల నడక. వేసవి గడిచేసరికి సగం గోడ కూడా లేవలేదు. అప్పుడు పనుల పెత్తందారు ఇబుకా ఒక ఉపాయం కనిపెట్టాడు. ఊళ్ళలో చెక్కిన రాళ్ళు చేతికందే దూరంలో ఉండగా గని దాకా పోవడమెందుకన్నాడు. సమాధి రాళ్ళు, రాతి దీపస్తంభాలు, తిరగళ్ళు, తోవ పక్కని దేవుళ్ళు, అన్నీ పెళ్ళగించి పైకి తెమ్మన్నాడు. చచ్చినవాళ్ళకు రాళ్ళెందుకని నవ్వాడట. ఆ మాట అన్న నోరు బతికినవాళ్ళకు అన్నమెందుకు అనడానికి ఎంతో కాలం పట్టదు.

నుకతానిలో తొకుజి అనే రాతి మేస్త్రీ ఉండేవాడు. అతని భార్య పేరు ఇతో. వారి ఒక్కగానొక్క కూతురు హనా నాలుగేళ్ళ వయసులో విషజ్వరం వచ్చి పోయింది. ఆ తరువాత ఏడాదిపాటు తొకుజి పని ముగించి ఇంటికి వచ్చాక ఒక పలకరాయి ముందు కూర్చునేవాడు. జిజో స్వామిని చెక్కి, ఆయనకు హనా ముఖం పెట్టాడు. నవ్వితే ఎడమ చెంప మీద పడే సొట్ట కూడా వదలలేదు. ఆ రాతిని ఏటి రేవులో నిలిపారు. నీళ్ళకు వెళ్ళినప్పుడల్లా ఇతో ఎర్రగుడ్డ సరిచేసి, రెండు మాటలు మాట్లాడి, అప్పుడు కడవ ముంచుకునేది.

కోట పనికి ప్రతి ఇంటి నుంచీ ఒకరు రావాలన్నప్పుడు తొకుజికి వాయవ్య మూల అప్పగించారు. అన్నిటికన్నా కష్టమైన మూల అది. గోడకు దిగువనే చిన్న చదునైన మట్టం, ఆ మట్టం మీద నుకతాని కూలీల గుడిసెలు. నలభై మంది అక్కడే వండుకుని అక్కడే పడుకునేవారు. గోడలో ఒకచోట పైన వెడల్పుగా, కింద ఇరుకుగా సందు మిగిలింది. అలాంటి సందులో సన్నని కొస కిందికి పెట్టి పలకరాయి దించితే మేకులా కూర్చుంటుంది. పైన బరువు పెరిగేకొద్దీ ఇంకా బిగుస్తుంది. సరిపడే రాయి కోసం తొకుజి మూడు రోజులుగా ఎదురుచూస్తున్నాడు.

ఒక సాయంకాలం దూలాల బండి మీద అచ్చంగా అలాంటి రాయే వచ్చింది. నిలువెల్లా ఎర్రమట్టి మెత్తి ఉంది. బండి లాగుకొచ్చిన మొహే తొకుజికి పక్కింటివాడు. ఎప్పుడూ వాగుతూ ఉండే మనిషి, ఆ పూట తల ఎత్తలేదు.

"ఎక్కడిదిరా మొహే? ఇంత మట్టేమిటి దీనికి?" అని అడిగాడు తొకుజి.

"ఏటి గట్టుది, అన్నా. కడగొద్దులే. ఇలాగే పెట్టెయ్."

"ముసుగేసుకున్న పెళ్ళికూతురిలా ఉందే!" అని తొకుజి నవ్వి, నలుగురి చేత తాళ్ళు పట్టించి, సన్నని కొస కిందికి చేసి రాతిని సందులోకి దించాడు. చక్కగా కూర్చుంది. అంత చక్కగా ఏ రాయీ కూర్చోలేదని ఆ రాత్రి తోటి కూలీలతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. మర్నాటికి దాని మీద మరో మూడు వరసలు లేచాయి.

నాలుగో నాడు వాన కురిసింది. వాన వెలిశాక ఇతో, రేవులో స్వామి కనబడటం లేదని చెప్పడానికి, కొర్రముద్దలు, ఊరవేసిన ముల్లంగి బుట్టలో పెట్టుకుని కొండెక్కి వచ్చింది. గోడ దగ్గర ఆగిపోయింది. బుట్ట మెల్లగా కింద పెట్టింది.

"ఏమయ్యా," అంది, "మన పిల్ల ఇక్కడేం చేస్తోంది?"

తొకుజి తిరిగి చూశాడు. మట్టి కరిగి గోడ వెంట ఎర్రని చారలు దిగుతున్నాయి. వాటి నడుమ తలకిందులుగా చిన్న ముఖం, ఆ చెంప, ఆ సొట్ట. పాదాల మీద మూడు వరసల గోడ. చెక్కిన చేతులే ఆ పని చేశాయి.

మొహే తాడు వదిలేసి మట్టిలో కూర్చుని చెప్పాడు. "రేవు కాడ పెళ్ళగించేటప్పుడు పెత్తందారి కర్ర నా వీపు మీదుంది, అన్నా. దేవుడు నా ముఖం చూస్తాడేమోనని భయమేసింది. అందుకని ఆయన కళ్ళకు మట్టి మెత్తాను. నీకు చెప్పే ధైర్యం లేక కడగొద్దన్నాను."

తొకుజి చెయ్యి లేచింది. లేచిన చెయ్యి గాలిలోనే ఆగింది. మొహే మట్టి పూశాడు, తను తలకిందులు చేశాడు. ఎవరిని కొట్టాలి? భయపెట్టినవాడు పైన గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. కిందివాళ్ళు ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నంత కాలం పైవాడి గొడుగు కదలదు.

అతను ఆ గొడుగు దగ్గరికే వెళ్ళాడు. "అయ్యా, పది రోజులు గడువివ్వండి. మూల విప్పి, తలకిందులైన ఆ ఒక్క రాయీ తీసి, మళ్ళీ కట్టి ఇస్తాను. కూలి అక్కర్లేదు," అని వేడుకున్నాడు.

ఇబుకా పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు. "రాయికి తల ఏదిరా, కాళ్ళేవిరా? మూడు రోజుల్లో దొరవారు వస్తున్నారు. గోడలో ఒక్క రాయి కదిలినా మీ ఊరి తలలు పది కదులుతాయి. నీది పదకొండోది. పో!"

తొకుజి తిరిగి వచ్చి గునపం అందుకున్నాడు. తల పోతే పోనీ అనుకున్నాడు. పలకరాయి పక్క సందులో గునపం మొన దింపి ఒక్క ఊపు ఊపాడు. పైవరస నుంచి నాలుగు గులకరాళ్ళు రాలి, దొర్లి, కింద గుడిసె కప్పు మీద టపటప పడ్డాయి. గుడిసెలో ఎవరో గంజి కాస్తున్నారు. కప్పులోంచి పొగ వస్తోంది. ఆ రాయి ఊడితే మూల ఊడుతుంది, మూల ఊడితే ఆ కప్పులు మిగలవు. లాగితే ఊరు పోతుంది. వదిలితే బిడ్డ యుగాంతం దాకా తలకిందులుగా దొర కోటను మోస్తూ ఉండిపోతుంది. లాగలేడు, వదలలేడు. గునపం పట్టుకునే గోడకు చేరగిలబడ్డాడు. రాత్రీ పగలూ పనితో నిద్ర లేని కళ్ళు ఆ మిట్టమధ్యాహ్నం వాటంతటవే మూతపడ్డాయి.

కలలో రేవు కనబడింది. రేవులో జిజో స్వామి హనా గొంతుతో మాట్లాడాడు. "నాన్నా, లాగకు. మొహే మామ గుడిసె నన్ను పట్టుకునే నిలబడి ఉంది. నేను తిరగలేను. మీరే తిరగండి."

తొకుజి ఉలిక్కిపడి లేచాడు. ఇతో పక్కనే కూర్చుని ఉంది. కల చెబుతుంటే అతనికి కోపం ఇంకా పెరిగింది. "దొర చేసిన పాపానికి దేవుడు మోత మోయాలా? పైగా మనమే తిరగాలట! ఎటు తిరుగుతాం? ఇంటికి తిరిగిపోదామా?" అన్నాడు.

ఆ దేశంలో తల్లులు పిల్లలను వీపున కట్టుకుని పొలానికి పోతారు. బిడ్డకు అటు తిరిగి వంగుతారు, బిడ్డ పాకి వీపెక్కుతుంది. హనా మాత్రం ఊరికే ఎక్కేది కాదు. అమ్మ వంగగానే వెనక నిలబడి, ఆమె కాళ్ళ సందులోంచి తొంగి చూసి బూచి అనేది. అమ్మ కూడా అక్కడి నుంచే చూసి బూచి అంటే గానీ ఎక్కేది కాదు. ఆ అలవాటు ఇతో నడుముకు గుర్తుంది. లేచి, గోడకు అటు తిరిగి, కాళ్ళు ఎడంగా పెట్టి, నేలకు అంటేలా తల వంచింది. కాళ్ళ సందులోంచి చూసింది.

చాలాసేపు లేవలేదు. తొకుజికి భయం వేసింది.

"ఇతో! ఏమైందే?"

"వంగి చూడయ్యా," అంది ఆమె అలాగే ఉండి. "పిల్ల కోట కింద లేదు. కోట మీద నిలబడి ఉంది."

తొకుజి వంగాడు. తలకు రక్తం దిగింది, లోకం తిరగబడింది. గోడ అంతా కిందికి వేలాడుతోంది. దాని అడుగున ఆకాశం. ఆ గోడకు పైన జిజో స్వామి నిటారుగా, నవ్వుతూ నిలబడి ఉన్నాడు. మూడు వరసలూ, ప్రాకారమూ, మినాగి దొర జెండాలూ ఆయన చిన్న పాదాల కింద ఉన్నాయి. మోస్తున్నాడనుకున్నవాడు తొక్కి నిలబడ్డాడు.

మొహేను పిలిచారు. అతను ముఖం చేతుల్లో కప్పుకుని వచ్చాడు. "చూడరా, నిన్నేమీ అనదు," అంది ఇతో. మొహే వంగాడు. లేచాక మళ్ళీ తల దించుకోలేదు. అతని తరువాత మరొకరు, ఇంకొకరు. సాయంకాలానికి నలభై మందీ చూశారు. చూసినవారెవరూ మరొకరికి ఏమీ బోధించలేదు. కానీ మర్నాడు పొద్దున ఒక్కరూ తాడు ముట్టుకోలేదు. కొండదారిలో ఇంకా పందొమ్మిది బండ్లున్నాయి. వాటి మీద నాలుగు ఊళ్ళ సమాధి రాళ్ళు, దీపాలు, దేవుళ్ళు ఉన్నారు. ఆ బండ్లు వెనక్కి పోతేనే గని రాయి లాగుతాం, మంచులోనైనా లాగుతాం అన్నారు. ఇబుకా కర్ర ఝళిపించాడు. ఒక వీపును కర్ర లొంగదీస్తుంది. నలభై వీపులు ఒక్కసారి తిరిగితే కర్ర వట్టి కర్రే.

చెప్పిన రోజుకు దొర వచ్చాడు. ఆగిపోయిన బండ్లను దాటుకుంటూ, గుర్రం మీద, శిరస్త్రాణం పెట్టుకుని వచ్చాడు. వచ్చేసరికి నుకతాని జనం గోడ ముందు వరసగా వంగి ఉన్నారు.

"వీళ్ళేమిటి, వరినాట్లు వేస్తున్నారా?" అన్నాడు దొర.

ఇబుకా ఎర్రబడిపోయి ముందుకు ఉరికాడు. "దొరా, పని మానేశారు. ఆ గోడలో దేవుడున్నాడట, చూస్తున్నారట. దేవుడికి వెనక చూపించే ఊరు భూమండలం మీద ఇదొక్కటే!"

ఇతో నడుము ఎత్తి నిలబడింది. "బిడ్డను మోసే తల్లి బిడ్డకెప్పుడూ వీపే చూపిస్తుంది, అయ్యా. మిమ్మల్ని మీ అమ్మ మోయలేదా?"

ఎవరో ముసిముసిగా నవ్వారు. దొర నవ్వలేదు. "అలా వంగితే ఏం కనబడుతుంది?" అని అడిగాడు.

"మీ కోట ఎక్కడుందో కనబడుతుంది, దొరా," అన్నాడు మొహే. ఆ మాటకు తల పోతుందని అతనికి తెలుసు. అయినా ముఖం కప్పుకోలేదు.

దొర గుర్రం దిగాడు. నలభై మందిని నరికించవచ్చు. కానీ మంచు ఇంకో నెలలో పడుతుంది, మంచు రాళ్ళు లాగదు. గోడ దగ్గరికి నడిచాడు, అటు తిరిగాడు, వంగాడు. శిరస్త్రాణం ఊడి, మట్టం దాటి, కొండ వాలున ఠంగుఠంగుమంటూ లోయలోకి దొర్లిపోయింది. దాన్ని తేవడానికి ఎవరూ పరుగెత్తలేదు. దొర చాలాసేపు అలాగే ఉన్నాడు. తన ఏడు గ్రామాల పంటా తిన్న కోట ఒక మేస్త్రీ బిడ్డ కాళ్ళ కింద వేలాడటం చూశాడు. లేచినప్పుడు ముఖం ఎర్రగా ఉంది. సిగ్గుతోనో, రక్తం దిగడంతోనో కథ చెప్పదు.

"బండ్లు వెనక్కి పంపండి," అన్నాడు. "గని రాయి తెప్పించండి."

అతను మంచివాడైపోయాడని కూడా కథ చెప్పదు. మంచు దగ్గర పడిందని మాత్రం చెబుతుంది. పందొమ్మిది బండ్లూ దిగిపోయాయి. ప్రతి సమాధి రాయీ తన మట్టికి చేరింది. తొకుజి వాటి వెంట నాలుగు ఊళ్ళూ తిరిగి, విరిగిన అంచులు చెక్కి, దేవుళ్ళను నిటారుగా నిలిపి వచ్చాడు. మూల విప్పడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. అందరికన్నా ముందు వద్దన్నది తొకుజే. అతను వెదురు చీలికలు చిన్నచిన్న మేకులుగా చెక్కి తెచ్చాడు. ఇతో ఎర్రగుడ్డకు నాలుగు మూలలా నాలుగు తాళ్ళు కుట్టింది. రెండు తాళ్ళే ఉంటే గుడ్డ జారి స్వామి ముఖం మీద పడుతుంది కదా. ఆ తాళ్ళను రాళ్ళ సందుల్లో పెట్టి వెదురు మేకులతో బిగించారు.

మినాగి వంశం అంతరించి చాలా కాలమైంది. కోట మీది చెక్క మేడలు కాలిపోయాయి. గోడలు నిలిచాయి. ఈమధ్య ఒక భూకంపానికి పక్క గోడ కూలడంతో, మరమ్మతు కోసం వాయవ్య మూల కూడా విప్పవలసి వచ్చింది. ఇంజనీర్లు ప్రతి రాయికీ అంకె వేసి, జాగ్రత్తగా దించి, జిజో స్వామిని మూడు నెలలు నుకతాని బడిలో నిలబెట్టారు. బడి పిల్లలు అలవాటు కొద్దీ అటు తిరిగి వంగి చూసి, స్వామి తలకిందులయ్యాడని గోల చేశారట. తిరిగి కట్టే సమయానికి పెద్ద ఇంజనీరు గ్రామసభ పిలిచి, "ఇన్ని వందల ఏళ్ళ తప్పు దిద్దే అవకాశం వచ్చింది, నిటారుగా పెట్టేద్దామా?" అని అడిగాడు. అప్పుడు ఒక ముదుసలి లేచి, "నిటారుగా పెడితే చూసి పోతారు, నాయనా. ఇలా ఉంటేనే వంగుతారు," అంది. చేతులెత్తమన్నారు. ఉన్నది ఉన్నట్టే ఉండాలని అరవై మూడు చేతులు లేచాయి. వద్దని ఒక్కటీ లేవలేదు. ఇంజనీరు చెయ్యి ఎత్తకపోయినా, రాయి దించే రోజున ఒక తాడు తనే పట్టుకున్నాడు.

ఇప్పటికీ ఇక్కడ దర్శనం ఆ విధంగానే జరుగుతుంది. యాత్రికులు గోడకు వీపు తిప్పి, కాళ్ళు ఎడంగా పెట్టి, తల వంచి స్వామిని చూడాలి. టోపీలు, కళ్ళజోళ్ళు ముందే తీసి పక్కన పెట్టుకోవడం మంచిది. మంత్రులు వచ్చినా, కోటీశ్వరులు వచ్చినా దర్శనానికి మరో దారి లేదు. వంగలేని వృద్ధులకు పక్కవారు వంగి చూసి, కనబడినదంతా చెప్పవచ్చు. చెప్పినవారికీ విన్నవారికీ ఫలం సమానం. ఎర్రగుడ్డ సమర్పించేవారు నాలుగు తాళ్ళు కుట్టి తీసుకురావాలి. వెదురు మేకులు అక్కడ ఉచితంగా ఇస్తారు.

బిడ్డను పోగొట్టుకున్నవారికి ఈ దర్శనంతో గుండె బరువు తీరుతుందనీ, పెద్దవాళ్ళ గద్దింపులకు హడలిపోయేవారికి ఆ భయం వదులుతుందనీ, చేసిన తప్పుకు ముఖం దాచుకునేవారు మళ్ళీ తల ఎత్తుకోగలుగుతారనీ అక్కడివారి అనుభవం. కొండ దిగేటప్పుడు నడుము కొంచెం నొప్పి పెడుతుంది. రెండు రోజుల్లో పోతుంది. చూసింది మాత్రం పోదు.